పొదుపు మీటలో ఉన్నదా, పాదంలో ఉన్నదా?

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుందని మన పెద్దల సామెత. జట్కాలు వెనుకబడి కార్లు వచ్చిన తరువాత, గుర్రం ఏ స్వభావంతో పరుగెత్తవలెనో రౌతే ముందుగా నిర్ణయించుకొనే సదుపాయం కూడ ఏర్పడినది. నేటి కార్లలో అనేకమైన వాటికి ఒక మీట ఉన్నది. ఒకవైపు త్రిప్పితే ‘ఎకో’, మరొకవైపు త్రిప్పితే ‘స్పోర్ట్’, నడుమ ‘నార్మల్’ లేక ‘సిటీ’. ఇంజను అదే, పెట్రోలు అదే. మీట మారగానే వాహనం ఒకప్పుడు సాధువు, మరొకప్పుడు పొగరుబోతు.

2021లో తెలుగునాట లీటరు పెట్రోలు ధర నూరు రూపాయలు దాటినది. నెలజీతంతో ఇల్లు నడుపుకొనే గృహస్థునికి, అద్దెకారుపై బ్రతికే డ్రైవరుకు ఈ మీట ఒక ఆశాదీపంగా కనిపించడంలో వింత లేదు. మన దేశం వాడుకొనే ముడిచమురులో ఐదింట నాలుగు పాళ్ళకు పైగా విదేశాలనుండి వచ్చునదే కనుక, ఇది ఒక్క ఇంటి లెక్క మాత్రమే కాదు. అయితే ఆ ఆశ ఎంతవరకు సమంజసమో విచారించవలసి ఉన్నది.

ఇంధనపు పొదుపు చింత నేటిది కాదు. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు అమెరికా అంతటి సంపన్న దేశమే ఉలికిపడినది. గంటకు 55 మైళ్ళకు, అనగా సుమారు 88 కిలోమీటర్లకు, మించి కార్లు నడుపరాదని 1974 జనవరిలో అక్కడ శాసనం వచ్చినది. 1995లో గాని అది రద్దు కాలేదు. మన దేశంలో 1978లో పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చి అసోసియేషన్ వెలసినది. ఆనాటి పొదుపు అంతా మనిషికి చెప్పే హితోపదేశం. యంత్రానికే ఆ ఉపదేశం చేయడం తరువాతి ముచ్చట. 2009లో వచ్చిన టొయోటా ప్రియస్‌లో ‘ఎకో’, ‘పవర్’ అనే మీటలు ఉండెను. మన దేశంలో 2014లో టాటా జెస్ట్, 2017లో టాటా నెక్సాన్ ‘ఎకో’, ‘సిటీ’, ‘స్పోర్ట్’ అనే మూడు రీతులతో వచ్చినవి.

ఇంతకూ ఆ మీట లోపల జరిగేదేమిటి? పూర్వం కార్లలో పాదం క్రింది యాక్సిలరేటరుకూ, ఇంజనుకు గాలి అందించే ద్వారానికీ నడుమ ఒక తీగ ఉండెడిది. పాదం ఎంత నొక్కితే ద్వారం అంత తెరచుకొనేది. ఇప్పుడు ఆ తీగ లేదు. పాదం చేసేది విన్నపం మాత్రమే; దానిని విని ద్వారం ఎంత తెరవవలెనో నిర్ణయించేది ఒక చిన్న కంప్యూటరు. ‘ఎకో’లో అది లోభివలె పెట్టుతుంది, ‘స్పోర్ట్’లో దాతవలె కురిపిస్తుంది. గేర్లు తమంతట తాము మారే కార్లలో, ‘ఎకో’ రీతిలో పై గేరు త్వరగా పడుతుంది. ఇంజను తక్కువ చుట్లు తిరుగుతుంది కనుక లోపలి రాపిడి వలన, గాలిని పీల్చుకొనే శ్రమ వలన కలిగే నష్టం తగ్గుతుంది. కొన్ని కార్లలో ఎయిర్ కండిషనరు బలాన్ని కూడ తగ్గిస్తుంది. విజయవాడ ఎండలో మిట్టమధ్యాహ్నం కారెక్కిన వారికి ఈ చివరి పొదుపు అంత రుచించదు.

ఇక్కడ ఒక సత్యం గ్రహించవలెను. ఈ మీట ఇంజనుకు క్రొత్త సామర్థ్యమేదీ ప్రసాదించదు. అది చేసే పనులలో అధికభాగం నెమ్మదిగల పాదం తానే చేయగలదు. ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. మనుషులతో కలిపి 1200 కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకొన్నప్పుడు దానిలో నిండే చలనశక్తి సుమారు 1,67,000 జౌళ్ళు. లీటరు పెట్రోలులో దాదాపు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళు ఉన్నవనీ, అందులో నాలుగవ వంతే చక్రాలకు చేరుననీ అనుకొంటే, ఆ వేగానికి సుమారు 20 మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చు. ఎదుట ఎఱ్ఱదీపం కనబడుచున్నా చివరిదాకా దూకించి బ్రేకు నొక్కితే, ఆ శక్తి అంతయు బ్రేకులలో వేడియై పోవును. ఇట్లు 50 సార్లు చేస్తే లీటరు పెట్రోలు ఆవిరి! ఎఱ్ఱదీపాన్ని దూరంనుండే చూచి పాదం తీసివేసే వివేకం ఏ మీటకూ లేదు.

రహదారిపై సంగతి వేరు. అక్కడ ప్రధాన శత్రువు గాలి. వేగం రెట్టింపైతే గాలి ఎదురుబలం నాలుగు రెట్లు అవుతుంది. నూరు దాటిన వేగంతో నిలకడగా పోయేవాడు ‘ఎకో’ మీట వేసికొని తృప్తిపడడం, బానెడు పాయసం త్రాగుచు తాంబూలంలో సున్నం తగ్గించుకొన్నట్లుండును. వేగం ఇరవై తగ్గించడమే అసలైన పొదుపు.

ఘాట్ రోడ్లపై మరొక అపోహ ఉన్నది. అరకునుండియో శ్రీశైలంనుండియో దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రలులో జారనిస్తే పెట్రోలు మిగులునని కొందరి నమ్మకం. నేటి ఇంజన్లలో జరిగేది దీనికి విరుద్ధం. గేరులో ఉంచి పాదం తీసివేస్తే, చక్రాలే ఇంజనును త్రిప్పుచుండగా పెట్రోలు సరఫరా ఆగిపోవును. న్యూట్రలులోనైతే ఇంజను ఆగిపోకుండుటకు కొంత పెట్రోలు త్రాగుచునే ఉండును. పైగా ఇంజను పట్టు లేక భారమంతయు బ్రేకులపై పడును. బ్రేకులు వేడెక్కి పట్టు సడలితే ప్రాణానికే ముప్పు. మిగలని పెట్రోలుకు ప్రాణం పణంగా పెట్టుట ఏ పొదుపు?

‘ఎకో’ రీతికీ సమయాసమయాలున్నవి. రెండు వరుసల రోడ్డుపై లారీని దాటబోవువేళ ఎదుటనుండి బస్సు వస్తే, అలవాటైన నొక్కుడుకు కారు వెంటనే స్పందించక తాత్సారం చేయవచ్చును. దాటుటకు ముందే మీటను ‘నార్మల్’కు మార్చుకొనుట మేలు, సందేహముంటే దాటకుండుట అంతకంటె మేలు.

అట్లని ఈ మీట నిష్ప్రయోజనం కాదు. తొందరపాటు పాదానికి అది మంచి గురువు. నగరపు రద్దీలో అనవసరపు దూకుళ్ళను తగ్గించి, నెమ్మదిని అలవాటు చేయును. దానికి తోడు టైర్లలో తగిన గాలి, డిక్కీలో వ్యర్థపు బరువు లేకపోవుట, దీర్ఘమైన ఆగుదలలో ఇంజను ఆపుట – ఇవి తోడైతే నెలాఖరున జేబుకే తేడా తెలియును. ఆ మీదట తప్పించిన ప్రతి లీటరుకు సుమారు రెండుంబావు కిలోల బొగ్గుపులుసు గాలి మన బిడ్డలు పీల్చే ఆకాశంలో చేరకుండును. ఇంటినుండి పది నిమిషాలు ముందుగా బయలుదేరు వానికి ఈ పొదుపులన్నియు అడుగకుండగనే సమకూరును.