టీవీ వెనక ఒక్క వైరు

అక్కలూ, మొన్న నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. బొమ్మ వస్తోంది, మాట లేదు. "అల్లుడు వచ్చాక చూస్తాళ్లేవే" అంది. మా ఆయన సైటు నుంచి వచ్చేది గురువారం రాత్రి. అమ్మ మస్కట్‌లో ఉండేదే ఇరవై రోజులు. అందులో నాలుగు రోజులు మూగ టీవీతోనా? వార్డులో మానిటర్లకి వైర్లు పెట్టే నేను, ఇంట్లో వైరంటే భయపడుతున్నాను!

చూస్తే తప్పు నాదే. దుమ్ము దులిపి వైరు పక్క పోర్టులో పెట్టాను.

మీరూ గుర్తుంచుకోండి. ముందు ప్లగ్‌లు తీసేయండి. సెట్‌టాప్ బాక్స్ 'అవుట్' నుంచి హోమ్ థియేటర్ రిసీవర్ 'ఇన్'కి ఒక హెచ్‌డీఎంఐ వైరు. రిసీవర్ 'అవుట్' నుంచి టీవీకి ఇంకొకటి. ఈ రెండోదానికి రెండు వైపులా 'ఏఆర్‌సీ' అని రాసున్న పోర్టే వాడాలి. అప్పుడే బాక్స్ బొమ్మ టీవీకి వెళ్తుంది, టీవీ యాప్‌ల శబ్దం అదే వైరులో వెనక్కి రిసీవర్‌కి వస్తుంది. మామూలు పోర్టులో పెడితే ఆ శబ్దం వెనక్కి రాదు. తర్వాత సెట్టింగ్స్‌లో సౌండ్ అవుట్‌పుట్, సీఈసీ చూసుకోండి. పాత టీవీలో ఏఆర్‌సీ లేకపోతే ఆప్టికల్ వైరు ఉంటుంది, అది శబ్దానికి మాత్రమే. స్పీకర్ వైర్లు ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు.

పెద్దవాళ్లకి మాటలు సరిగ్గా వినపడకపోతే మొత్తం వాల్యూమ్ పెంచకండి. సినిమాల్లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌లోనే వస్తాయి. 'సెంటర్' లెవెల్ ఒక్కటే పెంచండి.

"నువ్వే పెట్టావా!" అంది అమ్మ. ఇంకేం కావాలి చెప్పండి? వైర్లు తీసే ముందు మాత్రం ఫోన్లో ఒక ఫొటో తీసుకోండి. నేను తీసుకోలేదు, అందుకే ఇంత కథ!