మీకు తెలుసా? ప్రోటీన్ పటంలోనూ, సీటీ స్కాన్‌లోనూ ఒకే పేరు

తలకు దెబ్బ తగిలిందనో, కడుపునొప్పి ఎంతకీ తగ్గట్లేదనో డాక్టరు సీటీ స్కాన్ రాస్తారు. కాసేపు బల్ల మీద పడుకుంటే చాలు, లోపలి అవయవాలు అడ్డంగా కోసి చూపినట్టు తెర మీదికి వస్తాయి. కోయకుండానే అలా చూపించే లెక్కకూ, ప్రోటీన్ల ఆకృతిని సరిచూసే పటానికీ ఒకే మనిషి పేరుందని మీకు తెలుసా? ఆయన జి.ఎన్.రామచంద్రన్. 1922లో ఎర్నాకుళంలో పుట్టారు.

బెంగళూరులో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరి, సి.వి.రామన్ శిష్యుడిగా భౌతికశాస్త్రానికి మారారు. ముప్పయ్యేళ్లకే మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగాధిపతి. అక్కడికి వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డి.బెర్నాల్, కొలాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని మాటల్లో చెప్పారు. చర్మానికీ, ఎముకకూ పట్టునిచ్చే ప్రోటీన్ అది. తోలంటే ప్రధానంగా కొలాజెనే. అందుకే నమూనా ఊళ్లోనే దొరికింది. అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ (తర్వాత మన యలవర్తి నాయుడమ్మ డైరెక్టరుగా నడిపిన సంస్థే) నుంచి కంగారూ తోకలోని స్నాయువు తెచ్చుకుని ఎక్స్‌రే చిత్రాలు తీశారు. గోపీనాథ్ కర్తాతో కలిసి బంతులూ కడ్డీలతో నమూనాలు కట్టారు. 1954లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన జవాబు: మూడు గొలుసుల ముప్పేట. మరుసటి ఏడాదే దాన్ని ఇంకా మెరుగుపరిచారు.

తాడు పేనడం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక్కో పేటకూ ఒకవైపు పురి పెట్టి, మూడింటినీ కలిపి రెండోవైపు మెలిపెడతారు. అందుకే లాగినా తాడు విడిపోదు. కొలాజెన్‌లోనూ అంతే, విడివిడిగా ఎడమ మెలిక, కలిసి కుడి మెలిక. పేటలు అంత దగ్గరగా ఒదగడానికి ప్రతి మూడో చోటా అన్నిటికన్నా చిన్న అమైనో ఆమ్లం గ్లైసిన్ ఉంటుంది.

ఆ నమూనాలో పరమాణువులు మరీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయని శాస్త్రవేత్తలు ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ అభ్యంతరం చెప్పారు. రామచంద్రన్ అక్కడితో వదల్లేదు. అసలు రెండు పరమాణువులు ఎంత దగ్గరికి రాగలవు? ఆ ప్రశ్నే ఆయన్ను పెద్ద పనికి నడిపించింది. ప్రోటీన్ గొలుసు చిన్నచిన్న చదును రేకులు కలిపినట్టుంటుంది. రేకుకూ రేకుకూ మధ్య రెండు కీళ్లు. వాటి కోణాలు ఫై, సై. సి.రామకృష్ణన్, వి.శశిశేఖరన్‌లతో కలిసి ఆ రెండు కోణాలనూ గళ్ల కాగితం మీదికి ఎక్కిస్తే, గొలుసు ఒదిగే చోట్లు కొద్దిపాటి మచ్చల్లా మిగిలాయి. మిగతా చోట్ల పరమాణువులు ఢీకొంటాయి. 1963లో వెలువడిన ఆ 'రామచంద్రన్ ప్లాట్' ఈనాటికీ బయోకెమిస్ట్రీ పాఠమే. 2020లో కరోనా వైరస్ ముల్లు ప్రోటీన్ నిర్మాణాలు ప్రపంచ ప్రోటీన్ భాండాగారంలో చేరినప్పుడు, వాటి తనిఖీ నివేదికల్లోనూ ఈ పటం లెక్కే ఉంది.

ఇక స్కాన్ సంగతి. శరీరం చుట్టూ తిరుగుతూ తీసిన ఎక్స్‌రే నీడలను వచ్చిన దారినే వెనక్కి పరిస్తే బొమ్మ వస్తుంది గానీ, తడి కాగితం మీద సిరా పాకినట్టు మసకగా వస్తుంది. ఫోరియర్ రూపాంతరాలనే గణిత పద్ధతితో దాన్ని తేటపరచవచ్చు. ఆనాటి కంప్యూటర్లకు అది మోయలేని బరువు. రామచంద్రన్, ఎ.వి.లక్ష్మీనారాయణన్ 1971లో తేలిక దారి చూపారు. పరచడానికి ముందే ఒక్కో నీడనూ ఒక లెక్కతో సవరించాలి, అంతే. ఇలాంటి ఆలోచన 1967లోనే రేడియో ఖగోళశాస్త్రంలో వచ్చిన మాట నిజం. ఎక్స్‌రే చిత్రాలకు పనికొచ్చేలా దాన్ని విడమరిచినవారు మాత్రం వీళ్లే. అదే ఏడాది అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీటీ యంత్రం మొదటి రోగి తలను స్కాన్ చేసింది. ఆ యంత్రం లెక్క వేరు. తర్వాతి యంత్రాలు నీడలను సవరించి పరిచే పద్ధతికి మారాయి. దశాబ్దాల పాటు అదే రాజ్యమేలింది.

సీటీకి 1979 నోబెల్ హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు వెళ్లింది. అది న్యాయమే. కానీ కొలాజెన్‌కూ, ప్లాట్‌కూ కలిపి రామచంద్రన్‌కూ ఒక నోబెల్ ఇచ్చి ఉండాల్సిందన్నది నా గట్టి అభిప్రాయం. ఆయన 2001లో చెన్నైలో కన్నుమూశారు. బొమ్మను తేటపరిచే ఆ లెక్కను ఇప్పటికీ 'రామ్-లాక్ ఫిల్టర్' అంటారు. అందులో రామ్ రామచంద్రన్, లాక్ లక్ష్మీనారాయణన్.