తెలుపునకు చెల్లించు మూల్యము

అంగడిలో బియ్యము కొనువాడు మొట్టమొదట గుప్పెడు గింజలను అరచేత పోసికొని వాని తెలుపును, నునుపును చూచును. ఎంత తెల్లనివైన నంత మేలురకమని యాతని నమ్మకము. ఆ తెలుపును సంపాదించుటకై గింజ యేమి కోల్పోయినదో విచారించువారు అరుదు.

ఊక తీసిన పిదప గింజ నంటియొక సన్నని పొర యుండును; ఒక కొనయందు మొలక యుండును. నరములకు బలమొసగు 'బి' విటమినులు, పీచు ఈ రెంటియందే అధికముగా కలవు. మర వీనిని ఒలిచి తవుడుగా వేరుచేయును. తవుడు పశువుల కుడితిలోనికి పోవును. నున్నని గింజ మనుష్యుని విస్తరిలోనికి వచ్చును.

ఈ పొరపాటు ప్రాణములనే బలిగొన్నది. 19వ శతాబ్దమున ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, దేహము నీరుపట్టి, గుండె సడలి రోగులు మరణించెడివారు. 1890 ప్రాంతమున జావాద్వీపమందలి డచ్చి వైద్యుడు ఐక్మన్, తెల్లని బియ్యము మేసిన కోళ్లకు కాళ్లు చచ్చుపడుటయు, తవుడుతో కూడిన బియ్యము పెట్టగా అవి కోలుకొనుటయు గమనించెను. 1929లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. బెరిబెరి విచారణకై 1918లో కూనూరున మెకారిసన్ నెలకొల్పిన చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థయై యున్నది.

పప్పు, పాలు, కూరలు సమృద్ధిగా గలవానికి ఈ నష్టము అంతగా తెలియకపోవచ్చును. అన్నమే ఆధారమైన పేదవానికి మాత్రము గింజతోపాటు బలమును పోవును.

దీనికి ఉపాయములు కష్టమైనవి కావు. దంపుడుబియ్యము దొరికిన మేలు. అందలి నూనె త్వరగా కనరెక్కును గనుక కొద్దికొద్దిగా కొనవలెను. ఉప్పుడుబియ్యమందు, ఉడుకబెట్టునపుడే విటమినులు గింజలోనికి ఇంకుటచే, మరపట్టినను చాలవరకు నిలుచును. బియ్యమును పలుమారులు పిసికి కడుగుటయు, గంజిని పారబోయుటయు మానవలెను. వారమున కొన్ని పూటలు రాగిసంకటియో, జొన్నరొట్టెయో, కొర్రన్నమో తినవచ్చును. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించిన సున్నపుధాతువు కలదు. తెల్లని బియ్యమున అది పది మిల్లీగ్రాముల మాత్రమే. అన్నము తగ్గించి పప్పును, ఆకుకూరను పెంచుట మరియు మేలు.

"పైన పటారము, లోన లొటారము" అను సామెత మనుష్యులను గూర్చి పుట్టినదే యైనను, అరచేతిలోని గింజకును చక్కగా వర్తించును. ఇకమీదట అంగడిలో గింజను చూచునపుడు, దానిపై కొంచెము ఎరుపు మిగిలియున్నచో అది లోపము కాదనియు, మిగిలిన బలమనియు గ్రహించిన చాలును.