విత్తు ముందా, చెట్టు ముందా? సొంత మైక్రోకంట్రోలర్ బోర్డు నిర్మాణం

మైక్రోకంట్రోలర్ ఒకే చిప్‌లో ఇమిడిపోయిన చిన్న కంప్యూటర్. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరులోనూ, బట్టలుతికే యంత్రంలోనూ ఉండేది అదే. అయితే అంగడి నుంచి కొత్తగా తెచ్చిన చిప్‌కు ఏ విద్యా రాదు. కంప్యూటరులో రాసుకున్న ప్రోగ్రామును దానిలోకి ఎక్కించడానికి ప్రోగ్రామర్ అనే మరో పరికరం కావాలి. (ఇక్కడ ప్రోగ్రామర్ అంటే మనిషి కాదు.) ఆ పరికరాన్ని కూడా అదే బోర్డు మీద అమర్చి, ఒక్క యూఎస్‌బీ తీగతో పని జరిగేలా ఇంట్లోనే బోర్డు కట్టుకోవచ్చు. ఇటువంటివి చవకగా దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకన్నది సహజమైన ప్రశ్న. కొన్న బోర్డు మూగబోతే చాలామంది పక్కన పడేస్తారు. కట్టుకున్న బోర్డు మూగబోతే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

2005లో ఇటలీలోని ఇవ్రెయా పట్టణంలో మొదలైన ఆర్డుయినో ఈ చిక్కును మరో విధంగా దాటింది. చిప్‌లో బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రామును ముందే ఉంచితే, అది కొత్త ప్రోగ్రామును అందుకుని మిగిలిన చోట రాసుకుంటుంది. ఊనో బోర్డులోని ఏటీమెగా328పీ చిప్‌కున్న 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీలో అది తీసుకునేది 512 బైట్లే. కాని ఆ బూట్‌లోడరును మొదటిసారి ఎక్కించడానికీ, చిప్ నడవడికను నిర్ణయించే ఫ్యూజులనే అమరికలను మార్చడానికీ చివరకు ప్రోగ్రామరే దిక్కు.

అందుచేత ఇంటి బోర్డు మీద రెండు చిప్‌లు ఉంటాయి. అసలు పనికి ఏటీమెగా328పీ, ప్రోగ్రామరుగా ఏటీమెగా8. రెండవదానిలో నడిచేది థామస్ ఫిష్ల్ రూపొందించి అందరికీ అందుబాటులో ఉంచిన యూఎస్‌బీఏఎస్‌పీ. ఏటీమెగా8కు యూఎస్‌బీ హార్డ్‌వేర్ లేదు. వీ-యూఎస్‌బీ అనే సాఫ్ట్‌వేర్ ఆ భాషను అనుకరిస్తుంది. సెకనుకు 15 లక్షల బిట్లు వచ్చే దారిలో, 12 మెగాహెర్ట్జ్ స్ఫటికంతో నడిచే చిప్‌కు ఒక్కో బిట్టుకు దొరికేది సరిగ్గా 8 గడియార స్పందనలు. అందుకే ఇక్కడ స్ఫటికం విషయంలో రాజీ పనికిరాదు.

యూఎస్‌బీ నుంచి వచ్చే విద్యుత్తు 5 వోల్టులైనా, దాని సమాచార తీగలు 3.6 వోల్టులు దాటకూడదు. ఆ కట్టడికి రెండు 3.6 వోల్టుల జీనర్ డయోడ్లు, రెండు 68 ఓముల నిరోధకాలు సరిపోతాయి. ప్రతి చిప్ విద్యుత్ కాళ్ళకు ఆనుకొని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి ఉండాలి. దాన్ని దూరంగా పెడితే క్షణికమైన విద్యుత్ అవసరాన్ని తీర్చలేదు. అప్పుడు కారణం దొరకని తప్పులు మొదలవుతాయి.

రెండు చిప్‌లను కలిపేవి నాలుగు తీగలు: పంపేది, అందుకునేది, లయ చూపేది, రీసెట్. శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇచ్చినట్టు, రీసెట్‌ను సున్నా వోల్టుల వద్ద పట్టి ఉంచి, చిప్ పని ఆపాకే మెమరీని తిరగరాస్తారు. ఈ లయ చిప్ గడియార వేగంలో నాలుగో వంతుకన్నా తక్కువగా ఉండాలి. కొత్త ఏటీమెగా328పీ 1 మెగాహెర్ట్జ్‌తోనే నడుస్తుంది కనుక హద్దు 250 కిలోహెర్ట్జ్. యూఎస్‌బీఏఎస్‌పీ సహజ వేగం 375. చిప్ బదులివ్వదు, చచ్చిందనుకుని పారేస్తారు. వేగం తగ్గించే జంపరును బోర్డు మీద ఉంచితే ఆ పొరపాటు జరగదు.

ఫ్యూజుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. లేని స్ఫటికాన్ని ఎంచుకుంటే చిప్ మూగబోతుంది; బయటి నుంచి గడియార సంకేతం అందిస్తే కోలుకుంటుంది. కాని రీసెట్ కాలినే రద్దు చేసే ఫ్యూజును రాస్తే ఈ నాలుగు తీగల దారి మూసుకుపోతుంది. ఆ తరువాత 12 వోల్టుల ప్రత్యేక పద్ధతి ఒక్కటే శరణ్యం.

ఇక అసలు చిక్కు: ప్రోగ్రామరుగా ఉండవలసిన ఏటీమెగా8కు తొలి పాఠం చెప్పేదెవరు? ఆ ఒక్కసారికి మరో ప్రోగ్రామరును ఎరువు తెచ్చుకోవాలి. ఆర్డుయినో బోర్డునైనా తాత్కాలికంగా ఆ పనికి వాడుకోవచ్చు. అందుకోసం ఏటీమెగా8 రీసెట్‌కు దారి కలిపే జంపరును నమూనాలోనే చేర్చాలి. తరువాత ఈ బోర్డే పక్కింటివారి కొత్త చిప్‌కు తొలి పాఠం చెబుతుంది.