దుఃఖాన్ని రాసుకుంటే ఏమవుతుంది?

కొంపెల్ల జనార్దనరావు 1937లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. ఆ స్నేహితుడి కోసం శ్రీశ్రీ రాసిన కవిత 1950లో అచ్చయిన ‘మహాప్రస్థానం’కు అంకిత కవిత అయింది. భార్యను పోగొట్టుకున్న విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. వాళ్లు మహాకవులు. మరి కలం పట్టే అలవాటే లేనివాళ్ల సంగతి?

ఈ ప్రశ్నకు ప్రయోగంతో జవాబు వెతికినవాడు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్. 1986లో సాండ్రా బీల్‌తో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, తమను బాగా కలచివేసిన సంఘటన గురించి కాలేజీ విద్యార్థులచేత వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. ఇంకొందరికి మామూలు విషయాలిచ్చారు. బాధను రాసినవాళ్ల మనసు వెంటనే తేలికపడలేదు సరికదా, ఇంకా బరువెక్కింది. అయితే, జరిగినదాన్నీ దానివల్ల పడ్డ బాధనూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి 6 నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. రాస్తూ కన్నీళ్లొస్తే కాగితం మడిచేసేవాళ్లకు ఈ సంగతి చెప్పి తీరాలి.

ఆ తర్వాత పెన్నెబేకర్ బృందం ఇలాంటి రాతల్లోని పదాలను కంప్యూటర్‌తో లెక్కించింది. రోజురోజుకూ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు తెలిసింది’ లాంటి మాటలు పెరిగినవాళ్లకు మేలు ఎక్కువ జరిగింది. ఒకరోజు ‘నేను’ అంటూ, మరోరోజు ఎదుటివాళ్ల వైపు నుంచి చెప్పగలిగినవాళ్లకూ అంతే. ముక్కలుముక్కలుగా గుచ్చుకునే జ్ఞాపకాలకు ఒక వరస దొరకడమే ఇందులో అసలు పని అనిపిస్తుంది.

అక్షరాలే కానక్కర్లేదు. 2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో 39 మంది 45 నిమిషాలపాటు మట్టితో, రంగులతో తోచింది చేశారు. వాళ్లలో సుమారు 75 శాతం మందికి ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. బొమ్మలు వేయడం ముందే వచ్చా, రాదా అన్నది లెక్కలోకి రాలేదు. వీళ్లు ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లని ఎంపిక చేసినవారు కారు కాబట్టి, దీన్ని దుఃఖానికి మందుగా చూపడం తొందరపాటే.

ఇంకో హెచ్చరికా ఉంది. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్ల మీదే మార్గరెట్ స్ట్రోబ్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో, రాయడం వల్ల వాళ్లు త్వరగా కోలుకున్నారనే ఆధారం దొరకలేదు. సహజంగా సాగే శోకం తన కాలం తాను తీసుకుంటుంది. రాయని మనిషిని ‘మనసులో దాచుకుంటున్నావు’ అని నిలదీయడం అన్యాయం. మనిషి కాసేపు పోయినవాళ్ల తలపుల్లో, కాసేపు ఇంటి పనుల్లో ఉంటూ కోలుకుంటాడని స్ట్రోబ్, హెంక్ షూట్ 1999లోనే వివరించారు.

6 నెలలు దాటినా రోజువారీ బతుకు సాగనివ్వనంత తీవ్రంగా ఉన్న శోకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు వైద్యం అవసరమైన సమస్యగా గుర్తిస్తోంది. అలాంటప్పుడు నోటుపుస్తకం ఒక్కటే చాలదు, మానసిక వైద్యుల సాయం కావాలి. పోయినవాళ్లకు ఉత్తరం రాయించడం ఆ చికిత్సలోనూ వాడే పద్ధతే.