ఇంటికి వాకిలి ఎందుకు?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. పెళ్ళి సంగతి అలా ఉంచండి. ఇల్లు కట్టేవాళ్ళు మేస్త్రీని అడుగుతారు, వాస్తు సిద్ధాంతిని అడుగుతారు, అప్పిచ్చే బ్యాంకువాణ్ణి అడుగుతారు. వైద్యుణ్ణి మాత్రం ఎవరూ అడగరు. అడిగితే ఆయన వేసే ప్రశ్నలు మూడే మూడు. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుంది? ఎండ ఎక్కడ పడుతుంది? వాన నీళ్ళు ఎటు పోతాయి?

ఈ మూడింటికీ మన పాత ఇళ్ళలో ఒకటే జవాబు ఉండేది. అదే ఇంటి నడుమ వాకిలి. కోస్తా జిల్లాల్లో దాన్ని మండువా లోగిలి అంటారు. మన వైపు భవంతి అంటారు. పుస్తకాల్లో చతుశ్శాల అని రాస్తారు. పేరేదైనా ఏర్పాటు ఒకటే. నాలుగు వైపులా అర్రలు, వాటి ముందు కర్ర స్తంభాల మీద దిగిన వసారా, నడుమ ఆకాశం కనిపించే గచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లోని పాత ఊళ్ళలో ఇలాంటివి ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి.

అందరికీ భవంతులు ఉండేవని నేననడం లేదు. దొరల గడీల్లో వాకిళ్ళు విశాలంగానే ఉండేవి. వాటిని ఊడ్చి కళ్ళాపి చల్లింది మాత్రం వెట్టి చేసినవాళ్ళు. ఆ దొరతనానికి ఎదురు నిలిచినందుకే 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. పేదవాడికి ఉన్నది ఇంటి ముందరి వాకిలి. కోయగూడేల్లో దడి కట్టిన ఆవరణ, లంబాడీ తండాల్లో మంచాలు వేసుకునే ముంగిలి కూడా అలాంటివే. వైద్యుడి కంటికి ఇవన్నీ ఒకటే. తల మీద కప్పు లేని జాగా.

గాలి తిరిగే మర్మం

వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. చల్లని గాలి బరువుగా కిందికి దిగుతుంది. వాకిలి పని అంతా ఈ చిన్న సూత్రం మీదే నడుస్తుంది. రాత్రిపూట గచ్చు చల్లబడుతుంది, చల్లగాలి వాకిట్లోకి దిగి అర్రల్లోకి పాకుతుంది. పగలు ఇంట్లో వేడెక్కిన గాలి వాకిలి మీదుగా పైకి లేచిపోతుంది. దాని చోటులోకి తలుపుల నుంచి, కిటికీల నుంచి కొత్తగాలి వస్తుంది. ఫ్యాను లేకుండానే గాలి మారుతూ ఉంటుంది.

మే నెలలో మన వైపు ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. సిమెంటు స్లాబు పగలంతా ఆ వేడిని తాగి రాత్రంతా కిందికి విడుస్తుంది. కిటికీలు మూసిన గదిలో ఫ్యాను తిప్పేది ఆ వేడి గాలినే. వడదెబ్బ నడి ఎండలో తిరిగిన కూలీలకే తగులుతుందని చాలామంది అనుకుంటారు. ఇంట్లో మంచం మీద ఉన్న డెబ్బై ఏళ్ళ ముసలమ్మకూ తగులుతుంది సుమా! ఆమెకు దాహం తెలియదు, చెమట సరిగా పట్టదు. రాత్రి కూడా ఒళ్ళు చల్లబడకపోతే మూడోనాడు తెల్లవారేసరికి స్పృహ తప్పుతుంది. రాత్రి చల్లబడే చోటు ఒకటి ఇంట్లో ఉండాలనడం అందుకే.

పొయ్యి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వంటింటి పొగవల్ల 2020వ సంవత్సరంలో ప్రపంచమంతటా దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గ్యాసు వచ్చాక పొగ తగ్గింది, నిజమే. కాని స్నానాల నీళ్ళకు, పండుగ వంటలకు కట్టెల పొయ్యి ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. ఆ పొయ్యి చోటు వాకిట్లోనే, మూసిన గదిలో కాదు.

దగ్గుకీ కిటికీకీ ఏమిటి సంబంధం?

క్షయ ఎలా వస్తుంది? రోగి దగ్గినప్పుడు సూక్ష్మమైన తుంపరలు గాలిలోకి పోతాయి. గాలి కదలని గదిలో అవి గంటల తరబడి తేలుతూ ఉంటాయి. అదే గదిలో పడుకున్న పిల్లలు, కోడలు, మనుమలు ఆ గాలినే పీలుస్తారు. గాలి మారితే తుంపరలు చెదిరిపోతాయి. ఇదీ సంబంధం.

దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, లిమా నగరంలోని ఆసుపత్రులలో గాలి ఎంత మారుతుందో కొలిచి 2007లో ప్రచురించారు. కిటికీలు, తలుపులు తెరిస్తే గదిలోని గాలి గంటకు సుమారు 28 సార్లు మారింది. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాతకాలపు గదుల్లో 40 సార్లు మారితే, కొత్త కట్టడాల్లో 17 సార్లే మారింది. పాతదంతా మంచిదని దీని అర్థం కాదు. ఎత్తు, పెద్ద కిటికీ, ఎదురెదురు ద్వారాలు ఉంటే గాలి దానంతట అదే పని చేస్తుందని అర్థం.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. గాలి మందు కాదు. ఒకప్పుడు క్షయరోగులను మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికి, వికారాబాదు దగ్గర అనంతగిరికి పంపేవారు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇదే అప్పటి వైద్యం. తరవాత మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన ఆ నమ్మకాన్ని మార్చింది. ఇరుకు ఇళ్ళలో ఉంటూ మందులు సక్రమంగా వాడిన పేదలకు, శానిటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా జబ్బు నయమైంది. అంటే నయం చేసేది మందు. మరి గాలి చేసేదేమిటి? జబ్బు ఉందని ఇంకా తెలియని ఆ మొదటి వారాల్లో ఇంటిల్లిపాదినీ కొంతవరకైనా కాస్తుంది. అదేమీ చిన్న మేలు కాదు.

ఎండ: ఎంత మేలు, ఎంత కీడు?

ఎండ మన చర్మం మీద పడితే డి విటమిను తయారవుతుంది. అది చాలకపోతే పిల్లల కాళ్ళు వంకర పోతాయి, పెద్దల ఎముకలు గుల్లబారుతాయి. అద్దాల కిటికీ వెనక కూర్చుంటే ఎండ తగిలినట్టే ఉంటుంది గాని డి విటమిను తయారు కాదు. దానికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. వాకిట్లో పీట వేసుకుని కూర్చోవడమే మార్గం. చలికాలంలో పది గంటల తరవాత పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఎండాకాలంలో అంతసేపు వద్దు.

ముఖ్యంగా భూపాలపల్లి బొగ్గు గనుల్లో భూమి లోపల పనిచేసే కార్మికులు, రాత్రి షిఫ్టు చేసి పగలంతా నిద్రపోయేవాళ్ళు, గడప దాటని వృద్ధులు, నిండా బట్టలు కప్పుకునే స్త్రీలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నడుము నొప్పి, తొడల నొప్పి నెలల తరబడి ఉంటే ఎండలో కూర్చుని సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించుకోవాలి.

పసిబిడ్డల కామెర్ల కథ ఒకటి చెబుతాను. ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అనే నర్సమ్మ నెలలు నిండని బిడ్డలను ఎండ ఉన్న రోజుల్లో ఆసుపత్రి వాకిట్లోకి తీసుకువెళ్ళేది. 1956లో ఒకనాడు ఆమె ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. ఒళ్ళంతా పసుపు తగ్గింది, గుడ్డ కప్పిన ఒక్క చోట మాత్రం పసుపు అలాగే ఉంది. ఆ పరిశీలన నుంచే వెలుతురుతో వైద్యం పుట్టింది. 1958లో లాన్సెట్ పత్రికలో దాన్ని ప్రకటించారు. ఇవాళ ఆసుపత్రుల్లో బిడ్డలను నీలం దీపాల కింద పడుకోబెట్టేది ఇందుకే.

ఇది చదివి కామెర్ల బిడ్డను ఎండలో పడుకోబెట్టి ఊరుకోకండి. ఎంత వెలుతురు తగిలిందో ఇంట్లో కొలవలేం. ఎండకు లేత చర్మం కమిలిపోతుంది, ఒళ్ళు కాలిపోతుంది. పుట్టిన మొదటి రోజే పసుపు కనిపించినా, అరికాళ్ళు పచ్చబడినా, బిడ్డ పాలు తాగకపోయినా వెంటనే దవాఖానాకు తీసుకుపోవాలి. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది. బాలింతనూ బిడ్డనూ గాలి చొరని చీకటి గదిలో దాచే అలవాటు మంచిది కాదు. చీకట్లో ఆ పసుపు ఎవరి కంటా పడదు.

వాకిలి తెచ్చే జబ్బులు

వాకిలిని ఇంతసేపు పొగిడాను. దాని తప్పులు కూడా చెప్పాలి కదా!

మొదటిది దోమ. వాకిట్లో గోళెం, కుండీ, పాత టైరు, పూలతొట్టి కింద పళ్ళెం, ఇవన్నీ డెంగీ దోమకు పుట్టిళ్ళు. గుడ్డు నుంచి దోమ రావడానికి సుమారు ఏడు నుంచి పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి, శుక్రవారం డ్రైడే అనుకుని, నీళ్ళన్నీ పారబోయాలి. పారబోస్తే చాలదు, లోపలి అంచులను పీచుతో గట్టిగా రుద్దాలి. అంచులకు అంటుకున్న గుడ్లు నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. డెంగీ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ రాత్రి కుడుతుంది. ఎండాకాలం వాకిట్లో మంచం వేసుకునేవాళ్ళు, ముఖ్యంగా అడవి దగ్గరి ఊళ్ళవాళ్ళు, దోమతెర కట్టుకునే పడుకోవాలి.

రెండోది పాకుడు. వానాకాలం గచ్చు మీద పాకుడు పడుతుంది. మరుగుదొడ్డి వాకిలికి అవతల ఉంటుంది. రాత్రి రెండుసార్లు లేచే పెద్దాయన చీకట్లో జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ మంచం మీది నుంచి లేవని పెద్దలు ఎందరో! గచ్చును వారానికోసారి బ్లీచింగు పొడితో రుద్దించండి. గోడవెంట చేతికి ఆనే కర్రగాని ఇనుప గొట్టంగాని బిగించండి. రాత్రంతా ఒక చిన్న దీపం వెలగనివ్వండి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

మూడోది నీళ్ళు. నడక నేర్చిన బిడ్డ మునగడానికి బావే అక్కర్లేదు, బకెట్టులో జానెడు నీళ్ళు చాలు. సంపుకు మూత, మూతకు గొళ్ళెం తప్పనిసరి.

నాలుగోది పాములు, తేళ్ళు. కట్టెల కుప్ప, పెంకుల కుప్ప గోడవారగా, గుమ్మం పక్కన పెట్టకండి. రాత్రి వాకిట్లోకి టార్చి లేకుండా దిగకండి. పాము కరిస్తే తాడు బిగించవద్దు, కోయవద్దు, మంత్రానికి పోవద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఐదోది ఘాటు. మానుకోట వైపు మిర్చి పండే ఊళ్ళలో కోతల రోజుల్లో కాయ వాకిళ్ళలోకి వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళను ఆ వారం రోజులు దూరంగా ఉంచండి. మిర్చి ఎత్తేవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

పంపకాలు, కోతులు, రేకులు

ఇప్పుడు వాకిళ్ళు ఎలా పోతున్నాయో చూడండి. అన్నదమ్ములు పంచుకుంటారు. వాకిలి నడుమ గోడ లేస్తుంది. పెద్దాయన తన వంతు మీద స్లాబు వేస్తాడు, చిన్నాయన రేకులు వేస్తాడు. వాకిలివైపు తప్ప మరో కిటికీ లేని అర్రలు ఒక్కరోజులో చీకటి కొట్లవుతాయి. పెట్టెలు, బస్తాలతో పాటు ఇంట్లోని ముసలివాళ్ళకు కూడా చివరికి ఆ అర్రే దక్కుతుంది. దగ్గు మొదలయ్యేదీ అక్కడే. పంపకాల కాగితం రాసుకునేటప్పుడు బావిని, దారిని ఉమ్మడిగా ఉంచుకుంటారు కదా, వాకిలిని కూడా అలాగే ఉమ్మడిగా రాసుకోండి. గోడ తప్పదంటే నడుము ఎత్తు చాలు.

కోతుల బాధ పడలేక వాకిలిని మూసేస్తున్నామనేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ బాధ అబద్ధం కాదు. దానికి ఇనుప జాలీ వేయించండి. కోతి ఆగుతుంది, గాలి, ఎండ ఆగవు. ప్లాస్టిక్ రేకులు వేస్తే మూడూ ఆగుతాయి.

చిన్న జాగాలో ఏం చేయాలి?

"డాక్టరుగారూ, మాది వంద గజాలు. వాకిలి ఎక్కడ వదలమంటారు?" అనే ప్రశ్న న్యాయమైనదే. ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో వచ్చేది 5 లక్షలు, ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల లోపు. అందులో భవంతి కట్టమని ఎవరూ అనరు. కాని ఇవి చేయవచ్చు.

1. నాలుగు వైపులా హద్దు గోడల దాకా కట్టకండి. ఇంటి వెనకగాని పక్కనగాని అయిదారడుగుల జాగా ఆకాశానికి వదలండి.

2. ప్రతి పడకగదికీ రెండు వేరు వేరు గోడలలో గాలిదారులు ఉండాలి. రెండో కిటికీకి వీలు లేకపోతే కప్పు దగ్గర పెద్ద వెంటిలేటరు పెట్టించండి.

3. వదిలిన జాగా ఇంటి నేలకన్నా కొంచెం పల్లంగా ఉండాలి. నీళ్ళు నిలవకుండా తూముకుగాని ఇంకుడు గుంతకుగాని వాలు పెట్టించండి.

4. ఆ జాగాను సామాను కొట్టు చేయకండి. ఒక మంచం, ఒక దండెం, ఒక వేపమొక్క, అంతే.

5. పాత ఇల్లు కొని గదులు పెంచదలిస్తే, ముందు ఏ గదికి వెలుతురు పోతుందో చూసుకుని తరవాత గోడ లేపండి.

చివరగా ఒక మాట. ఎంత గాలి వచ్చే ఇల్లయినా, దగ్గు రెండు వారాలు దాటితే కళ్ళె పరీక్ష చేయించుకోండి. సర్కారు దవాఖానాలో పరీక్ష ఉచితం, మందులు ఉచితం. వైద్యం సాగినన్నాళ్ళు పోషణ కోసం నెలకు 1000 రూపాయలు రోగి ఖాతాలో వేసే పథకం కూడా ఉంది. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. మామూలు క్షయకు ఆరు నెలల మందులు. రెండో నెలలో దగ్గు తగ్గగానే ఆపవద్దు.