సింహపు తోక కోతి రోడ్డెందుకు దాటుతోంది?

పశ్చిమ కనుమల అడవుల్లో తప్ప సింహపు తోక కోతి ఇంకెక్కడా సహజంగా బతకదు. నల్లటి ఒళ్లు, మొహం చుట్టూ బూడిదరంగు జూలు, తోక కొసన సింహానికున్నట్టే కుచ్చు. తిండీ నిద్రా చెట్ల మీదే. కొమ్మలు కలిసి ఉంటే నేల తొక్కే పనే దానికి ఉండదు.

మరి తమిళనాడులోని వాల్పారైలో రోడ్డెందుకు దాటుతోంది? టీ, కాఫీ తోటల కోసం అక్కడి అడవిని ముక్కలు ముక్కలుగా నరికేశారు. ఒక ముక్కలో పండ్లు అయిపోతే ఇంకో ముక్కకు నేల మీదుగానే పోవాలి. అలా పోతూ బండ్ల కింద పడి చచ్చిపోతున్నాయి. అన్నిటికన్నా బాధ పెట్టేది ఇదే: తల్లి సాధారణంగా కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది, మళ్లీ కనడానికి ఏళ్లు పడుతుంది. ఒక్కటి పోయినా ఆ లోటు తొందరగా పూడదు.

అందుకే రోడ్డుకు అటూ ఇటూ ఉన్న చెట్ల మధ్య, మంటలార్పే పాత గొట్టాలతో వంతెనలు కట్టారు. కోతులు ఇప్పుడు వాటి మీదుగా దాటుతున్నాయి.